మా నూతులు బాగుచేసేదెవరు?

అయ్యా,

విజయనగరం జిల్లాలో గెడ్డ ఒడ్డున మా ఊరు. పక్కనే రసాయనాల పరిశ్రమ. నాలుగేళ్ళ కిందటి దాకా మా ఇంట్లో వంటకీ తాగడానికీ పెరటి నూతి నీళ్ళే. ఒక వానాకాలం వెళ్ళాక ఆ నీళ్ళకు ఘాటు వాసన పట్టింది. ఇప్పుడు రాత్రి బిందెడు తోడి ఉంచితే తెల్లారేసరికి పైన జిడ్డు తేలుతోంది, అడుగున పసుపు చార కడుతోంది. కందిపప్పు గంటసేపు ఉడికించినా పలుకు పలుకుగానే ఉంటోందని మా అమ్మ గోల.

మొర పెట్టుకుంటే ట్యాంకరు పంపారు, సంతోషం. నూతి గట్టుకు ఎర్రరంగు పూసి 'తాగరాదు' అని రాసి వెళ్ళారు. మరి గేదెల కుడితికి ఏ నీళ్ళు? మడికి ఏ నీళ్ళు? అన్నీ ఆ నేలలోవే. పైగా నేలలో నీరు ఒకచోట నిలవదు, వాలును బట్టి మెల్లగా జరుగుతుంది. కింద వీధిలో రెండు నూతులకు అప్పుడే ఆ వాసన తగిలింది.

శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులతో అల్లాడే ఉద్దానం ఊళ్ళకు 2023లో హిరమండలం నుంచి వంశధార నీళ్ళు పైపుల్లో తెచ్చారు. ఆ ఊళ్ళకు అది కావలసిందే. కానీ నీళ్ళు తేవడం వేరు, నేలలో నీళ్ళు బాగుచేయడం వేరు.

అది చేతకాని పనేం కాదు. ముందు వ్యర్థాలు ఎక్కడ ఇంకుతున్నాయో పట్టుకుని ఆపాలి, పాడైన మట్టి తీయించాలి. చుట్టూ పరీక్ష బోర్లు వేసి, వానలకు ముందూ తర్వాతా నీళ్ళు చూస్తే మురికి ఎటు పోతోందో తెలుస్తుంది. అక్కడ తోడి, ఉన్న రసాయనాన్ని బట్టి బొగ్గు పొరల గుండా పంపో, గాలి పట్టించో శుద్ధి చేయాలి. ఏళ్ళు పట్టే పని, కాబట్టే ఈ ఏడే మొదలవ్వాలి. మరిగించి తాగమని కొందరు చెబుతున్నారు. మరిగిస్తే క్రిములు చస్తాయి, లోహాలూ లవణాలూ పోవు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడతాయి.

ఖర్చెవరిది? రాజస్థాన్‌లో బిచ్రీ ఊరి నూతులు రసాయనాలతో పాడైనప్పుడు, పాడుచేసినవాళ్ళే శుద్ధి ఖర్చు భరించాలని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. ఆ డబ్బు కట్టమని 2011లో మళ్ళీ అదే కోర్టు ఆదేశించాల్సి వచ్చింది. మా ఊరికి అన్నేళ్ళు ఆగే ఓపిక లేదు.

ఇప్పటికి మూడుసార్లు సీసాల్లో మా నీళ్ళు పట్టుకెళ్ళారు. ఒక్క కాగితం కూడా మాకు చూపలేదు. ఆ ఫలితాలు గ్రామ సచివాలయం గోడకు అంటించాలని, శుద్ధి పని ఏ నెలలో మొదలుపెడతారో జిల్లా అధికారులు రాసివ్వాలని కోరుతున్నాం.

– ఒక రైతు, విజయనగరం జిల్లా