“శుభ్రం చేసిన చేప ముక్కలు” అంటే సరిపోతుందా?

సంపాదకులకు,

అయ్యా,

మీ ఆదివారం వంటల పేజీలో వేసిన ఏటి చేపల పులుసు చదివాం. కారం, ధనియాల కొలతలకు వంక పెట్టేది లేదు. కావలసినవాటిలో మొదటి వరుస దగ్గరే పేచీ. “శుభ్రం చేసిన చేప ముక్కలు – కిలో” అని ఒక్క ముక్కలో తేల్చేశారు. బజారులో కొట్టించుకుని నల్ల కవరులో తెచ్చుకునేవాళ్లకు అది చాలు. ఉండవల్లి, సీతానగరం రేవుల్లో వల దించేవాళ్లు, బందరు కాలువ మీద, కొమ్మమూరు కాలువ మీద గాలం వేసేవాళ్లు ఇంటికి తెచ్చేది ముక్కలు కాదు, బకెట్లో కొట్టుకుంటున్న చేప. ఆ చేప ముక్కయ్యేలోపే పులుసు రుచి సగం ఖాయమైపోతుంది. పులుసు పొయ్యి మీద చెడేది తక్కువ, గట్టు మీద చెడేదే ఎక్కువ.

ముందు గట్టు సంగతి. ఎండాకాలం కాలువలు కట్టేశాక మడుగుల్లో చేప చిక్కుతుంది. మళ్లీ బ్యారేజీ నుంచి నీళ్లు వదిలి, తొలకరి పడితే చేప ఎదురెక్కుతుంది. రెండు అదునుల్లోనూ ఉక్క ఉక్కే. శీలావతి, బొచ్చె నీళ్లలోంచి తీసిన కాసేపటికే చస్తాయి. చచ్చిన చేపను పేగులతో సహా గోనెసంచిలో వేసి మధ్యాహ్నందాకా ఉంచితే పొట్ట మెత్తబడి, పక్కటెముకలు మాంసం నుంచి ఊడిపోతాయి. అలా ఊడిన చేపను ఎంత చింతపండు పోసినా నిలబెట్టలేం. చేప ఎంత బరువుంటే అంత ఐసు, కిలోకి కిలో, పైనా కిందా పొడిగా కొట్టి పరవాలి. కరిగిన నీళ్లు కిందికి పోయే దారి ఉండాలి. ఐసు దొరకని చోట గట్టు మీదే పొట్ట చీల్చి పేగులు, మొప్పలు తీసేసి, తడి గోనెలో చుట్టి నీడన పెట్టండి. కాస్త గాలి ఆడితే గంటా గంటన్నర ఆగుతుంది.

కొర్రమీను లెక్క వేరు. అది పైకొచ్చి గాలి పీల్చే చేప. చాలామంది దయతలచి బకెట్టు నిండా నీళ్లు పోసి మూత బిగిస్తారు. పైన గాలికి చోటు లేక అది నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. వీపు మునిగేటంత నీళ్లు పోసి, పైన గుడ్డ కట్టాలి. గుడ్డ కట్టకపోతే మాత్రం ఎగిరి దూకుతుంది, వెతుక్కోవాలి.

ఇక ముళ్లు. జెల్లకు, ఇంగిలాయికి తల పక్కన చెరో వైపు ఒక ముల్లు ఉంటుంది. జెల్లకు వీపున ఇంకోటి. చేప బెదిరితే ఈ ముళ్లు నిలువుగా లేచి బిగుసుకుంటాయి, నొక్కినా ముడవవు. వాటిలో విషం కూడా ఉంటుంది. ఇంగిలాయి ముల్లు గుచ్చుకుంటే చెయ్యి భుజందాకా లాగేస్తుంది. అందుకే తోమడానికి ముందే, చేపను పాత గుడ్డతో తల వెనక అదిమి పట్టి, కత్తిపీటతో కాకుండా పట్టకారుతోగానీ గట్టి కత్తెరతోగానీ ముళ్లు మొదలంటా తెంపాలి. తెంపిన ముళ్లు చెత్తబుట్టలో పడేయొద్దు, కాగితంలో మడిచి పారేయాలి. చచ్చిన చేప ముల్లు కూడా గుచ్చుతుంది, ఆ సంగతి మరిచిపోయేవాళ్లే ఎక్కువ. గుచ్చుకుంటే పసుపు అద్ది ఊరుకోవద్దు. ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి పెట్టి అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచాలి. వేడికి విషం విరిగి నొప్పి తగ్గుతుంది. నొప్పితో ఉన్న చేతికి వేడి సరిగా తెలియదు కాబట్టి నీళ్లు ముందు ఇంకొకరు చేత్తో చూసి పోయాలి. ముల్లు ముక్క లోపల విరిగినా, వాపు పెరిగినా ఆసుపత్రికి వెళ్లాలి. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకున్నదీ డాక్టరుకు చెప్పాలి. పిల్లలు బకెట్లో చెయ్యి పెట్టేది ఇంటి పెరట్లోనే కాబట్టి, మీ పేజీలో ఒక చిన్న పెట్టె కట్టి ఇది వేస్తే చాలా ఇళ్లకు పనికొస్తుంది.

తోమడం. కొర్రమీను, బొమ్మిడాయి ఒంటి మీద జిగురు పోకపోతే నీసు పోదు. ఊళ్లలో కట్టెల బూడిద చల్లి బండ మీద రుద్దుతారు. అపార్టుమెంట్లలో బూడిద ఎక్కడిది? బదులుగా గుప్పెడు తవుడు, గుప్పెడు గళ్లుప్పు కలిపి రుద్దండి, సరిగ్గా అంతే పనిచేస్తుంది. మెత్తని ఉప్పు కరిగిపోతుందే కానీ రాపిడి ఇవ్వదు. వేడినీళ్లు పోస్తే త్వరగా వస్తుందని కొందరు పోస్తారు. తోలు ఉడికి అట్టలు కట్టి ఊడొస్తుంది, కింద జిగురు అలాగే ఉంటుంది. పొలుసు ఎప్పుడూ తోక నుంచి తలవైపు తీయాలి.

పొట్ట చీల్చేటప్పుడు కత్తి మొన లోతుగా దించొద్దు. కాలేయం పక్కన పచ్చగా, చిక్కుడు గింజంత చేదు తిత్తి ఉంటుంది. అది చిట్లితే కూర మొత్తం చేదు. చిట్లితే వెంటనే ఆ పచ్చరంగు అంటిన మాంసం కోసి పారేసి, మిగతా చోట వంటసోడా రుద్ది కడగాలి. నానబెడితే చేదు పక్క ముక్కలకూ పాకుతుంది. ఇంకో మాట కూడా ఇక్కడే. శీలావతి, బొచ్చె, గడ్డిచేప చేదు తిత్తి మింగితే షుగరు తగ్గుతుందనో, కళ్లకు మంచిదనో నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. అది విషం. వాంతులు, విరేచనాలతో మొదలై కిడ్నీలు దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే వైద్యుల దగ్గర నమోదయ్యాయి. ఉడకబెట్టినా ఆ విషం పోదు.

తిత్తి తీశాక వెన్నెముక కింద గీతలా పేరుకున్న నల్లనెత్తురు బొటనవేలి గోటితో గీరాలి. పొట్ట లోపలి నల్లపొర ఉంటే అదీ తీసేయాలి. తల వండేటట్టయితే మొప్పలు పూర్తిగా లాగేయాలి. నీసు అనుకునే దాంట్లో సగం ఈ మూడు చోట్ల నుంచే వస్తుంది. కడగడం అంతా చేప నిండుగా ఉండగానే అయిపోవాలి. ముక్కలు కోశాక నాలుగు నీళ్లు మారిస్తే రుచి కాలువలో కలిసినట్టే. కొర్రమీను కిలో తెస్తే తలా పేగులూ పోను ఆరేడు వందల గ్రాముల దాకా ముక్కలొస్తాయి. మీ కిలో ముక్కలకు కిలోన్నర చేప కావాలన్నమాట. కొత్తవాళ్లు ఈ లెక్క తెలియక కిలో చేపకి కిలో కొలతల కారం వేస్తారు.

బురద వాసన వేరే జబ్బు. నీసుతో దాన్ని కలపకండి. నీళ్లలోని కొన్ని నాచులు, సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థం చేస్తాయి. అది చేప కొవ్వులో, తోలులో పేరుకుంటుంది. కదలని మడుగు చేపకు ఇది ఎక్కువ, పారే నీటి చేపకు తక్కువ. ఒక రాత్రి మంచినీళ్ల తొట్టిలో ఉంచితే పోతుందని చెబుతారు. పేగులు ఖాళీ అవుతాయి తప్ప వాసన పోవడానికి రోజులు పడుతుంది. ఇంట్లో చేయగలిగింది పులుపు. పల్చటి పుల్లమజ్జిగలోనో, చింతపండు రెండో పిండుడు నీళ్లలోనో ఇరవై నిమిషాలు ముక్కలు వేసి, పిండకుండా తీయండి. మజ్జిగ అయితే ఒక్కసారి నీళ్లలో జాడించి తీయండి, లేకపోతే పులుసులో విరిగి తెల్లగా తేలుతుంది.

పొయ్యి మీద చెప్పేది తక్కువే. మీరు చింతపులుసు, ముక్కలు కలిపి ఒకేసారి పోయమన్నారు. పులుసు పచ్చివాసన పోయేసరికి ముక్క చిదిగిపోతుంది. కిలో ముక్కలకు పావుకిలో ఉల్లిపాయలు, నూరు మిల్లీలీటర్ల నూనె, అరవై గ్రాముల చింతపండు. గుంటూరు కారం మూడు చెంచాలు దాటితే పిల్లలు ముట్టరు. పులుసు విడిగా పది పన్నెండు నిమిషాలు తెర్లి నూనె తేలాక ముక్కలు జారవిడవాలి. కొర్రమీను పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు, జెల్ల, బొమ్మిడాయి పది లోపే. గరిటె పెట్టొద్దు, దాకను చెవులు పట్టి తిప్పాలి. మామిడికాయ రోజుల్లో చింతపండు సగానికి తగ్గించి ఒక పుల్లకాయ చెక్కు తీసి ముక్కలతోపాటు వేస్తే చాలు. సిల్వరు గిన్నెలో పులుసు రాత్రంతా ఉంచకండి, పులుపుకి గిన్నె కరిగి పులుసు నల్లబడుతుంది.

ఇంటికి తేకూడని చేపలూ ఉన్నాయి. చలికాలంలో కొర్రమీనుకు, మట్టగిడసకు ఒంటి మీద ఎర్రటి పుండ్లు లేస్తాయి. అది బూజు రోగం, 1988 నుంచి మన దేశంలో ఉంది. పుండున్న చేపను కోసి బాగున్న సగం వండుకుందామనుకోవద్దు. నీళ్ల మీద తేలిన చేపను అసలు ముట్టొద్దు. మందు కలిపి పట్టినదేమో ఎవరికి తెలుసు? నీళ్లలో విషం కలపడం, మందుగుండు పేల్చడం 1897 నాటి చేపల చట్టం నుంచే నేరం. తొలకరిలో ఎదురెక్కే చేప జనతో, అంటే గుడ్లతో, నిండి ఉంటుంది. జన వేపుడు రుచిని కాదనను, కానీ ఆ రెండు మూడు వారాలు పెద్ద చేపను వదిలేస్తే ఆ కాలువలో వచ్చే ఏడాది గాలానికి పని ఉంటుంది. గట్టు పక్కన నీళ్ల మీద ఎర్రటి పిల్లల ముద్ద కదులుతుంటే కింద కొర్రమీను జంట కాపలా ఉందన్నమాట. అక్కడ కప్పపిల్ల ఎర వేస్తే కోపానికి టక్కున పడుతుంది. పడిన గంటలోనే పిల్లలన్నీ జెల్లల పాలు. వలలో తాబేలు పడితే వల కోసైనా వదలాలి, ఇంటికి తెస్తే కేసు.

కేసు అన్నాం కాబట్టి పిట్టల మాట. అదే పేజీ అడుగున కౌజుపిట్టల వేపుడు వేసి, “అడవి కౌజు దొరికితే ఇంకా రుచి” అని ఒక ముక్క తగిలించారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి కౌజు, కముజు, నీటికోడి, పరజ ఏదైనా సరే పట్టడమే కాదు, వాటి మాంసం దగ్గర పెట్టుకోవడమూ నేరమే. 1999లో అభయారణ్యమై 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్సర్ జాబితాకెక్కిన కొల్లేరు మనకు దగ్గరే. గుంటూరు పక్కనే ఉప్పలపాడు చెరువులో కొంగలు, గూడబాతులు పిల్లల్ని చేస్తుంటే ఊరివాళ్లు కాపాడుకుంటున్నారు. ఆ వాక్యం పత్రికలో రావలసింది కాదు, సవరణ వేయండి. బజారులో దొరికే ఫారం కౌజు జపాన్ జాతిది, బతికున్నప్పుడు నూట యాభై నుంచి రెండు వందల గ్రాములు ఉంటుంది. కొవ్వు తక్కువ కాబట్టి తోలుతోనే వండాలి. నాటుకోడిలా ముప్పావుగంట ఉడికిస్తే పీచు. మూతపెట్టి పదిహేను నిమిషాలు, మూత తీసి అయిదు నిమిషాలు, అంతే.

వచ్చే వారం బొమ్మిడాయిల పులుసు అని ప్రకటించారు. దాని వీపున వరుసగా చిన్న చిన్న ముళ్లుంటాయి. ఉడికినా మెత్తబడవు, గొంతులో దిగుతాయి. కత్తెరతో తోకవైపు నుంచి ఆ ముళ్ల వరుసను తోలుతో సహా సన్నటి పట్టీలా కత్తిరించమని, ఈసారైనా మొదటి వరుసలో వేయండి.

ఇట్లు,
కృష్ణలంక పాఠకులు,
విజయవాడ