మంత్రి గారూ, కుక్క జాతిని కాదు, పెంచేవాళ్ల తీరును పట్టించుకోండి

కేంద్ర పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. 2024 మార్చి 12న మీ శాఖ రాష్ట్రాలన్నిటికీ ఒక సర్క్యులర్ పంపింది. 23 రకాల కుక్కలు మనుషుల ప్రాణాలకు ప్రమాదమని, వాటి దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపాలని, పెంచుకోవడానికి లైసెన్సులు ఇవ్వొద్దని, ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని అందులో ఉంది. నెల తిరక్కుండానే, ఏప్రిల్ 10న, కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. సంబంధం ఉన్నవాళ్లను అడగకుండా నిర్ణయం తీసుకున్నారని తప్పుపట్టింది. అందరి మాటా విని మళ్లీ నిబంధనలు తెచ్చుకోవచ్చని దారి కూడా చూపింది. ఆ వినే పనిలో నాలాంటివాళ్ల మాట కూడా చెవిన పడాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా ఇంట్లో ఆ జాబితాలో ఉన్న కుక్కే ఉంది. రాట్‌వీలర్. కళ్ల మీద రెండు గోధుమరంగు చుక్కలు ఉంటాయి కాబట్టి చుక్కి అని పిలుస్తాం. గుంటూరు శివార్లలో ఒక మిర్చి గోడౌన్ దగ్గర కాపలాకు కట్టేసి పెంచారు. మీ సర్క్యులర్ టీవీల్లో వచ్చాక, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాడో ఏమో, ఆ ఓనరు గొలుసు విప్పి రోడ్డు మీద వదిలేశాడు. మేం తెచ్చుకున్నప్పుడు గొలుసు ఒరిసిన చోట వెంట్రుకలన్నీ ఊడిపోయి, మెడ చుట్టూ చర్మం మొద్దుబారి ఉంది. ఎవరైనా చెయ్యెత్తితే చాలు, నేలకు కరుచుకుపోయేది. ఆ కుక్కనే మా వీధిలో కొందరు రాక్షసి అన్నారు.

వాళ్ల భయాన్ని నేను తీసిపారెయ్యను. రాట్‌వీలర్ బలమైన కుక్క, కరిస్తే గాయం పెద్దదే అవుతుంది. 2024 మేలో చెన్నైలో ఒక పార్కులో ఐదేళ్ల పాప మీద రెండు రాట్‌వీలర్లు పడ్డాయి. ఆ తల్లిదండ్రుల ముందు నిలబడి మా కుక్క మంచిదండీ అని చెప్పే ధైర్యం నాకు లేదు. కానీ ఆ రోజు వాటికి గొలుసు లేదు, కరవకుండా మూతికి తొడిగే మజిల్ లేదు. అది పెంచేవాళ్ల నిర్లక్ష్యం.

చుక్కికి మజిల్ అలవాటు చెయ్యడానికి బుట్టలాంటి మజిల్ అడుగున గడ్డపెరుగు రాసి ముందు పెట్టేవాళ్లం. బలవంతం చెయ్యలేదు. మొదట వాసన చూసి వెనక్కి పోయేది, తర్వాత నాలుక చాపింది, చివరికి తనే మూతి దూర్చింది. ఇప్పుడు మజిల్ చేతిలోకి తీసుకోగానే బయటికెళ్లే వేళయిందని, ఎవరో కత్తిరించగా మిగిలిన ఆ తోక మొదలునే ఊపుతుంది. జర్మనీలోని రాట్‌వైల్ ఊళ్లో కసాయివాళ్లు పశువులను తోలడానికి, బళ్లు లాగించడానికి పెంచుకున్న జాతి ఇది. పని చెబితే నేర్చుకుంటుంది. గొలుసుకు కట్టి వదిలేస్తే ఏ జాతి కుక్కయినా చెడిపోతుంది.

మీ జాబితాను కూడా ఒకసారి చూడండి. టోసా అనే జపాన్ కుక్క అందులో రెండు పేర్లతో రెండుసార్లు ఉంది. ఒకచోట ఉత్త ‘టెర్రియర్లు’ అని రాశారు. ఒళ్లో పట్టే యార్క్‌షైర్ టెర్రియర్ కూడా ఆ మాట కిందికే వస్తుంది. దీన్ని పట్టుకుని మున్సిపాలిటీ సిబ్బంది ఏ కుక్కను ఏమని గుర్తుపట్టాలి?

లైసెన్స్ ఆపడం వల్ల వచ్చే అసలు నష్టం వేరే ఉంది. లైసెన్స్ కావాలంటే రేబిస్ టీకా సర్టిఫికెట్ చూపించాలి, అడ్రస్ ఇవ్వాలి. ఇవ్వం అంటే యజమాని కుక్కను పెరట్లో దాచేస్తాడు. టీకా ఉందో లేదో ఎవరికీ తెలియదు, రేపు అది ఎవరినైనా కరిస్తే ఎవరి కుక్కో కూడా తేలదు. నెదర్లాండ్స్‌లో 1993లో పిట్‌బుల్ తరహా కుక్కలను నిషేధించారు. కాట్లు తగ్గలేదని 2008లో వాళ్లే ఎత్తేశారు.

మన దగ్గర చట్టాలు లేక కాదు. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం కుక్కపిల్లలను పుట్టించి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేసుకోవాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మకూడదు. మరి ఆన్‌లైన్‌లో ఫోటో పెట్టి, అడ్వాన్స్ తీసుకుని, బస్సు పార్సిల్‌లో కుక్కపిల్లలను పంపేవాళ్లలో ఎంతమందికి ఆ రిజిస్ట్రేషన్ ఉందో తనిఖీ చేయించండి. పెంపుడు జంతువు విషయంలో నిర్లక్ష్యంగా ఉంటే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. దాన్ని గట్టిగా వాడండి. పెద్ద కుక్కలకు ఎవరివో తెలిపే మైక్రోచిప్, బయటికి తెస్తే మజిల్ తప్పనిసరి చేయండి. అందరికంటే ముందు నేనే సంతోషంగా పాటిస్తాను.

ఇంకొక్క విన్నపం. షెల్టర్లలో ఇలాంటి కుక్కలను తీసుకెళ్లడానికి ముందుకొచ్చేవాళ్లు లైసెన్స్ దొరకదేమోనని వెనకాడుతున్నారు. సర్క్యులర్‌ను కోర్టు కొట్టేసిన సంగతి చాలాచోట్ల లైసెన్స్ ఇచ్చే కౌంటర్ దాకా చేరలేదు. మేం దరఖాస్తు పెట్టిన ఆఫీసులోనూ ఈ జాతికి ఇవ్వొద్దని పైనుంచి ఉంది అనే అన్నారు. ఇల్లు చూసి, టీకాలు, ఆపరేషన్ కాగితాలు చూసి, దత్తత తీసుకునేవాళ్లకు లైసెన్స్ ఇవ్వమని రాష్ట్రాలకు లిఖితపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
చుక్కిని పెంచుకుంటున్న ఒక పౌరుడు,
గుంటూరు జిల్లా