వంశవృక్షంలో రాయని జబ్బులు

సంపాదకులకు,

నమస్కారం. మతి చెదిరిన మనిషిని ఒక డాక్టరు దగ్గరికి, గుండెనొప్పి వచ్చిన మనిషిని ఇంకొక డాక్టరు దగ్గరికి, క్యాన్సరు అని తేలిన మనిషిని ఏకంగా మరో ఊరికి తీసుకువెళ్లడం అలవాటైన మనకు, ఈ మూడు జబ్బుల మీదా ఒకే శాస్త్రవేత్త పాతికేళ్లకు పైగా పరిశోధన చేశారంటే వింతగానే ఉంటుంది. ఐస్లాండుకు చెందిన కారీ స్టెఫాన్సన్ అలాంటివారు. శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం చెప్పిన రోజుల్లో జన్యుశాస్త్రం పాఠం వచ్చినప్పుడల్లా ఆయన ప్రస్తావన తెచ్చేవాడిని గాని, ఆయన పనిలో మన జిల్లాకు పనికివచ్చేది ఏదో అప్పట్లో నాకే పట్టుబడలేదు. రిటైరయ్యాక, మా కుటుంబంలో ఎవరు ఏ జబ్బుతో పోయారో ఒక నోటుపుస్తకంలో రాయడానికి కూర్చున్నప్పుడు పట్టుబడింది. అందుకే ఈ ఉత్తరం.

స్టెఫాన్సన్ 1949లో రేక్యవిక్‌లో పుట్టారు. నరాల వైద్యంలో నిపుణులు. షికాగో విశ్వవిద్యాలయంలోనూ తరవాత హార్వర్డులోనూ పనిచేసి, 1996లో సొంత ఊరికి తిరిగివచ్చి డీకోడ్ జెనెటిక్స్ అనే జన్యుపరిశోధన సంస్థను పెట్టారు. అప్పటికి ఆ దేశ జనాభా మూడు లక్షల లోపే. మన జిల్లాలో నాలుగు మండలాలు కలిపితే ఇంచుమించు అంతమంది ఉంటారు. అక్కడివారిలో చాలామందికి మనకున్నట్టు ఇంటిపేర్లు ఉండవు. స్టెఫాన్సన్ అంటే స్టెఫాన్ కొడుకు అనే అర్థం, అంతే. అయినా ఎవరికి ఎవరు ఏమవుతారో కొన్ని వందల ఏళ్ల వెనక్కి రాతపూర్వకంగా ఉంది. దానిని కంప్యూటరులోకి ఎక్కించి 2003లో దేశ ప్రజలందరికీ తెరిచారు. పదేళ్లకు కుర్రకారు కోసం ఒక యాప్ కూడా వచ్చింది. కొత్తగా పరిచయమైన ఇద్దరు ఫోన్లు ఒకదానికొకటి తాకిస్తే, దగ్గరి చుట్టరికం ఉంటే హెచ్చరిస్తుంది. మేనరికం కుదిరితే పిల్ల కళ్లెదుటే ఉంటుందని సంబరపడే మనవాళ్లకు ఈ యాప్ సంగతి చెబితే పడీపడీ నవ్వుతారు.

ఒకే మనిషి ఇన్ని జబ్బులను చేపట్టగలగడానికి కారణం ఈ వంశాల చిట్టాయే. ఆసుపత్రి రికార్డుల్లోంచి ఒకే జబ్బు ఉన్నవారిని ఏరి, వంశవృక్షంలో వారి కొమ్మలు ఎక్కడ కలుస్తున్నాయో చూసి, వారందరికీ ఉమ్మడిగా దిగివచ్చిన డీఎన్ఏ ముక్క ఏదో జబ్బులేనివారితో పోల్చి పట్టుకోవడం ఆయన పద్ధతి. మతి చెదిరే స్కిజోఫ్రెనియాకైనా గుండెపోటుకైనా ఈ మెట్లు మారవు గాని, దొరికిన ఫలితం ఎంత గట్టిగా నిలుస్తుందన్నది మాత్రం జబ్బును బట్టి మారింది. మానసిక వ్యాధి దగ్గర దారి ఎగుడుదిగుడుగానే సాగింది. 2002లో న్యూరెగ్యులిన్-1 అనే జన్యువుకూ స్కిజోఫ్రెనియాకూ సంబంధం ఉందని ఆయన బృందం ప్రకటించినప్పుడు చాలా ఆశలు పుట్టాయి. తరవాత అనేక దేశాల రోగులను కలిపి చేసిన పెద్ద అధ్యయనాల్లో ఆ జన్యువు అంత బలంగా నిలబడలేదు. 2008లో అదే బృందం ఇతర దేశాలవారితో కలిసి, 1వ, 15వ క్రోమోజోముల్లో కొన్నిచోట్ల చిన్న ముక్కలు ఊడిపోయినవారికి ఆ జబ్బు వచ్చే ముప్పు ఎక్కువని చూపింది. ఇది నిలిచింది, అయితే అలాంటి లోపం ఉన్న రోగులు అరుదు.

గుండె దగ్గరికి వచ్చేసరికి ఫలితం గట్టిగా వచ్చింది. 2007లో 9వ క్రోమోజోములో ఒకచోట కనిపించే తేడాకూ గుండెపోటుకూ సంబంధం ఉందని ఆయన బృందమూ, ఉత్తర అమెరికాలోని మరో బృందమూ విడివిడిగా, ఒకేసారి ప్రకటించాయి. ఐరోపా సంతతివారిలో ప్రతి అయిదుగురిలో ఇంచుమించు ఒకరికి ఆ తేడా తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వచ్చి ఉంటుందనీ, అసలు లేనివారితో పోలిస్తే వీరికి గుండెపోటు ముప్పు 1.64 రెట్లు ఉంటుందనీ లెక్క తేలింది. కొలెస్టరాలు, బీపీ, సుగరు వంటి తెలిసిన కారణాలతో దీనికి ముడి కనిపించలేదు. విద్యార్థుల ముందు నేను ఆగి ఆగి చెప్పవలసి ఉండి, సిలబస్ అవదేమోనని దాటేసిన ముక్క ఇక్కడే ఉంది. ఆ చోటికి ఆనుకొని ఉన్న రెండు జన్యువులు, కణం అదుపు తప్పి విభజన చెందకుండా బ్రేకు వేసేవి. వాటిలో ఒకటి చెడినప్పుడు కొన్ని కుటుంబాల్లో మెలనోమా అనే చర్మ క్యాన్సరు తరతరాలుగా వస్తుంది. అంటే గుండెపోటును వెతుక్కుంటూ బయలుదేరినవారు క్యాన్సరు గుమ్మంలో తేలారన్నమాట. ఆసుపత్రి అంతస్తులను బట్టి జబ్బులను విడదీసి చూసే నా బుర్రకు ఇది ఎక్కడానికి చాలా కాలం పట్టింది.

2012లో వచ్చిన ఇంకొక ఫలితాన్ని మన ఇళ్లల్లో గోడకు అంటించాలి. 78 మంది బిడ్డలవీ, వారి తల్లిదండ్రులవీ జన్యుక్రమాలు చదివి, బిడ్డలో కొత్తగా పుట్టే మార్పుల్లో ఎక్కువ భాగం తండ్రి నుంచే వస్తాయని ఆ బృందం చూపింది. 20 ఏళ్ల తండ్రి నుంచి సుమారు 25, 40 ఏళ్ల తండ్రి నుంచి సుమారు 65 మార్పులు వస్తుంటే, తల్లి నుంచి ఏ వయసులోనైనా వచ్చేవి 15 దాకానేనట. పెద్ద వయసు తండ్రుల పిల్లల్లో ఆటిజం, స్కిజోఫ్రెనియా కొంత ఎక్కువగా కనిపించడానికి ఇది ఒక కారణం కావచ్చునన్నారు. బిడ్డ తేడాగా పుడితే కోడలి కడుపును ఆడిపోసుకునే అత్తగార్లు ఈ అంకెలు చదవాలి.

స్టెఫాన్సన్‌కు ఎదురుదెబ్బలూ తగిలాయి. 1998లో దేశంలోని అందరి వైద్య రికార్డులనూ ఒకేచోట చేర్చే చట్టం వచ్చింది. వద్దని రాసి ఇవ్వనివారంతా ఒప్పుకున్నట్టే లెక్క. ఇరవై వేలమంది దాకా వద్దని రాసి ఇచ్చారు. చనిపోయిన తన తండ్రి రికార్డులు అందులో చేర్చవద్దని ఒక అమ్మాయి కోర్టుకెక్కింది. తండ్రి జబ్బులు బయటపడితే కూతురి సంగతీ బయటపడుతుందన్నది ఆమె వాదన. 2003లో అక్కడి సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది, ఆ భాండాగారం తయారే కాలేదు. సంస్థ, ఒప్పుకొని రక్తం ఇచ్చినవారితోనే పని సాగించింది. క్యాన్సరు ఇంకో చిక్కు తెచ్చింది. బీఆర్‌సీఏ-2 జన్యువులో ఒక పాత లోపం ఆ దేశంలో నూటికి ఒకరికి కొంచెం తక్కువగా ఉంది. రొమ్ము, అండాశయ, ప్రోస్టేటు క్యాన్సర్ల ముప్పును అది పెంచుతుంది. అది ఎవరికి ఉందో సంస్థ దగ్గరున్న సమాచారంతో కనిపెట్టవచ్చు. చెప్పి తీరాలని స్టెఫాన్సన్ వాదించారు, అడగనివారికి చెప్పడానికి నిబంధనలు ఒప్పుకోలేదు. చివరికి 2018లో, తెలుసుకోదలచినవారు తామే అడిగి తెలుసుకొనేలా వెబ్‌సైటు పెట్టారు. ఈలోగా 2009లో సంస్థ దివాలా తీయడం, 2012లో అమెరికాకు చెందిన ఆమ్జెన్ కంపెనీ దానిని 41.5 కోట్ల డాలర్లకు కొనుక్కోవడం జరిగిపోయాయి. ఒక జాతి తాతముత్తాతల చిట్టాతో సాగిన పని మందుల కంపెనీ సొత్తు కావడం, ఆయన మీద ఎంత గౌరవం ఉన్నా, నాకు మింగుడుపడలేదు.

ఇక మా ఇంటి సంగతి. 1983లో మా చిన్న మేనమామకు మతి చెదిరింది. గాలి సోకిందన్నారు, చిల్లంగి పెట్టారన్నారు, ఏడాది తాయెత్తులతో గడిచింది. ఆఖరుకు విశాఖపట్నం తీసుకువెళ్తే, అక్కడి డాక్టరు గారు కాగితం మీద పెన్ను ఆనించి, "మీ వంశంలో ఇంతకుముందు ఎవరికైనా ఇలా ఉండేదా?" అని అడిగారు. మా తాతగారు, పెద్దమామయ్య, అమ్మ ముగ్గురూ ఒక్కసారే "లేదండీ" అన్నారు. ఆయన ఆ గడిలో అడ్డగీత గీసి తరవాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. తాతగారి సొంత చెల్లెలు పెరటివైపు గదిలో, బయట గొళ్లెం పెట్టిన తలుపు వెనక పదేళ్లు బతికి పోయిందని ఆ ముగ్గురికీ తెలుసు. మా ఆఖరి పిన్నికి అప్పుడే సంబంధాలు చూస్తున్నారు; లేదనడానికి అదే కారణం. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఎమ్మెస్సీ చదివి ఉన్నాను. నేనూ నోరు విప్పలేదు.

మా నాన్నగారి వైపు ముగ్గురు మగవాళ్లు యాభై దాటకుండా పోయారు, ఒకరు పొలంగట్టు మీద కూలబడి, ఒకరు ఆమదాలవలస స్టేషన్లో రైలు దిగుతూ, ఒకరు నిద్రలో. ముగ్గురివీ సహజ మరణాలనే రాయించారు.

మన దేశంలో శాస్త్రానికి లోటు లేదు. 2009లో హైదరాబాదులోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన తంగరాజ్, సహచరులు, గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ-3 అనే జన్యువులో 25 డీఎన్ఏ అక్షరాలు లోపించడం భారత ఉపఖండంలో సుమారు 4 శాతం మందిలో ఉందనీ, గుండె కండరం దెబ్బతినే ముప్పును అది పెంచుతుందనీ ప్రకటించారు. మన కులాల్లో చాలావాటికి మూలపురుషులు కొద్దిమందేననీ, బయట పెళ్లిళ్లు లేకపోవడం వల్ల కొన్ని లోపాలు ఒక్కో సమూహంలో పేరుకుని ఉండవచ్చుననీ అదే ఏడాది ఆ సంస్థ, హార్వర్డుకు చెందిన డేవిడ్ రైక్ బృందం కలిసి చూపాయి. పదివేల మంది భారతీయుల జన్యుక్రమాలను చదివిన జీనోమ్ ఇండియా సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. ఇక వంశవృక్షమంటారా, పెళ్లిచూపులకు ముందు మన ముసలమ్మలు తవ్వినన్ని తరాలు ఏ కంప్యూటరూ తవ్వలేదు. జబ్బు మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం అటువాళ్లు దాస్తారు, ఇటువాళ్లు అనుమానిస్తారు, కాగితం మీదికి ఏదీ రాదు.

ఉద్దానం సంగతే చూడండి. అక్కడి కిడ్నీ జబ్బుకు కారణం నీళ్లా, ఎండలో చాకిరీయా, పురుగుమందులా, వంశమా, లేక అన్నీ కలిసా అన్నది ఇన్నేళ్ల పరీక్షల తరవాత కూడా తేలలేదు. కవిటి, సోంపేట వైపు నీళ్లను సీసాలకెత్తి పరీక్షకు పంపినంత శ్రద్ధగా, ఒక్కో ఇంట్లో మూడు తరాలవాళ్లు ఏ వయసులో, ఏ పని చేస్తూ, ఏ జబ్బుతో పోయారో ఊరూరా రాసి పెట్టిన పుస్తకం నాకెక్కడా కనిపించలేదు.

నేను కోరేది ఖరీదైన యంత్రాలను కాదు. బీపీ, సుగరు చూడడానికి ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఇంటికి వచ్చినప్పుడు, ఇంటివారు ఇష్టపడితే, అమ్మవైపూ నాన్నవైపూ మూడు తరాల జబ్బులు ఒక్క పేజీలో రాసి ఆ పేజీని ఇంట్లోనే ఉంచాలి. దానిని డాక్టరుకు చూపడమో మానడమో వారి ఇష్టం. అలాగే ఇంట్లో పోయినవారికి, చివరగా వైద్యం చేసిన డాక్టరు మరణ కారణం రాసి ఇవ్వడానికి 4ఏ అనే ఫారం ఒకటి ఉంది. మన పల్లెల్లో ఎందరికి దాని సంగతి తెలుసో గాని, మా ఇంట్లో ఎవరికీ తెలియదు. సచివాలయాల్లో దానిని అడిగి తీసుకునే అలవాటు చేస్తే, ఇరవై ఏళ్లకు మన జిల్లాకూ ఒక చిట్టా తయారవుతుంది.

నా నోటుపుస్తకంలో ఇప్పటికి 41 పేర్లు చేరాయి. పదకొండింటికి ఎదురుగా జబ్బు పేరు రాయగలిగాను. మిగతావారికి "ఆయాసం", "కాళ్లు పొంగాయి", "కడుపులో గడ్డ" అని పెద్దవాళ్లు ఎలా చెబితే అలా రాశాను. మేనమామ సంగతి ఈ ఉత్తరంలో పెట్టడానికి ఎనభై ఏడేళ్ల మా అమ్మను అడిగాను. "ఇంకెవరి పెళ్లి ఆగిపోద్దిరా, రాసీ" అంది. మా చిన్నాన్న కూతురు మాత్రం ఒప్పుకోలేదు. పిల్లకు సంబంధాలు చూస్తున్నామనీ, తమ ఇంటి పేజీ తీసేయమనీ ఫోను చేసింది. ఆ పేజీ చింపి, మడిచి, టెక్కలి వెళ్లి ఆమె చేతికే ఇచ్చి వచ్చాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
శ్రీకాకుళం