మూలవాసుల సీట్లకు రాజ్యాంగ రక్షణ కావాలి

సంపాదకుడి గారికి,

మూలవాసులకు రాజ్యాంగ గుర్తింపు, చట్టసభల్లో సీట్లు అనే మాట ఎత్తితే చాలు, ‘పౌరులంతా సమానమైనప్పుడు వీళ్లకు వేరే ఏర్పాట్లెందుకు?’ అంటూ బయల్దేరేవాళ్లుంటారు. 2023 అక్టోబరు 14న ఆస్ట్రేలియా రిఫరెండంలోనూ ఈ వాదనే గట్టిగా వినిపించింది. అక్కడ అడిగింది సీట్లు కూడా కాదు, పార్లమెంటుకు సలహా చెప్పే ఓ సంఘం. వీటో లేదు. అయినా దాదాపు 60 శాతం మంది వద్దన్నారు. జనాభా లెక్కల్లో ఆదివాసులను కలపకూడదనే సెక్షన్ 1967 దాకా ఉన్నది ఆ దేశ రాజ్యాంగంలోనే. అన్నాళ్లూ ఈ సమానత్వం ఎక్కడికి పోయిందో!

మామూలు చట్టం చాలదా అంటారు మరికొందరు. అదీ చేసి చూశారు. 1990లో ఆదివాసులు ఎన్నుకున్న ప్రతినిధులతో అక్కడ ఒక జాతీయ కమిషన్ వచ్చింది. 2005లో పార్లమెంటే దాన్ని ఎత్తేసింది.

న్యూజిలాండ్ సంగతి చూడండి. ఓటు రావాలంటే సొంత పేరున ఆస్తి ఉండాలన్నది అప్పటి నియమం. అక్కడి మూలవాసులైన మావోరీల భూమేమో తెగ ఉమ్మడిది, కాబట్టి చాలామందికి ఓటే లేదు. 1867లో ఐదేళ్లకని నాలుగు సీట్లిచ్చారు. జనాభా లెక్కన 14కు తగ్గకూడదు. ఆ నాలుగే 1990ల దాకా సాగాయి. తెల్లవారికి 1870లోనే రహస్య ఓటు వచ్చింది. మావోరీలు మాత్రం మొదట చేతులెత్తి, తర్వాత తమ ఓటెవరికో అధికారికి నోటితో చెప్పి వేయాల్సి వచ్చింది. 1938 ఎన్నికలతో గానీ ఆ తంతు పోలేదు. అధికారి ఎదుట నిలబడి మనసులో మాట ఎంతమంది చెప్పగలిగారో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు ఏడు సీట్లున్నాయి. సాధారణ నియోజకవర్గాల విభజన నిబంధనలు మార్చాలంటే పార్లమెంటులో 75 శాతం మద్దతో, రిఫరెండమో తప్పనిసరి. మావోరీ సీట్లు తీసేయడానికి మామూలు మెజారిటీ సరిపోతుంది. తీసేస్తామని ప్రచారం చేసిన పార్టీలూ ఉన్నాయి. నూటయాభై ఏళ్లు దాటినా ఆ సీట్లు ఎదుటివాళ్ల దయ మీదే నడుస్తున్నాయి.

అందుకే గుర్తింపుతోపాటు సీట్లనూ రాజ్యాంగంలోనే రాయాలి. ఉపోద్ఘాతంలో నాలుగు మంచి మాటలు చేర్చి చేతులు దులుపుకుంటే కుదరదు. ఆ సీట్లకు మూలవాసుల సొంత ఓటర్ల జాబితా ఉండాలి. వాళ్ల సమ్మతి లేకుండా ఆ అధికరణాలను మార్చే వీలుండకూడదు. ముసాయిదా రాసేచోట కూడా వాళ్లు కూర్చోవాలి. 2021లో చిలీ రాజ్యాంగ సభలో 155 స్థానాలకు 17 వాళ్లకే కేటాయించారు. ఆ ముసాయిదాను మరుసటి ఏడాది జనం తిప్పికొట్టారు, నిజమే. పద్ధతి మాత్రం ఏ దేశమైనా తీసుకోదగ్గదే.

ఇట్లు,
ఒక పాఠకుడు