లంచాన్ని ముడుపు అని రాయొద్దండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది తిరుపతి. ఎవరన్నా లంచం తీసుకుంటా ఏసీబీకి దొరికితే పేపర్లలో ముడుపులు అని హెడ్డింగ్ పెడతా ఉంటారు కదా, మీరూ పెడతారు, అది చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

మా అన్నకి చిన్నప్పుడు కామెర్లు వస్తే మా అమ్మ తెల్లగుడ్డని పసుపునీళ్లలో ముంచి ఆరబెట్టి, దాంట్లో పదకొండు రూపాయలు పెట్టి మూడు ముళ్లేసి స్వామి పటం కాడ పెట్టింది. ఆ నెల బియ్యానికి పక్కింట్లో అప్పు చేసింది గానీ ఆ మూట మాత్రం విప్పలేదు. అన్న లేచి తిరిగినాక అలిపిరి నుంచి నడిచి కొండెక్కి హుండీలో వేసొచ్చింది. ముడి వేసి దాచేది కాబట్టి అది ముడుపు. ఇంగ్లీషు కరప్షన్ మాట లాటిన్ నుంచి వచ్చింది, దాంట్లో ఉండే రుంపెరె అంటే విరగ్గొట్టడం, బ్యాంక్‌రప్ట్‌లో ఉండే రప్ట్ కూడా అదే. ముడి వేసేదానికీ విరగ్గొట్టేదానికీ ఒకే పేరు ఎట్లా పెడతామండీ?

లంచం అనే మాట మనకి లేకనా? సంస్కృతం నుంచి వచ్చింది, కన్నడంలోనూ లంచ అనే అంటారు, తమిళంలో కూడా కొంచెం పలుకు మారి అదే మాట. మూడు భాషలూ చెవినపడే మా చిత్తూరు వైపు ఎవరికైనా అర్థమవుతుంది.

ఇంక మామూలు. నాయన పోయినాక పొలం అమ్మ పేరుకి మార్చుకోవడానికి ఒక ఆఫీసుకి పోతే అక్కడాయన "మామూలే కదమ్మా" అన్నాడంట. మామూలుగా అయిపోతుందని చెప్పినాడనుకుని అమ్మ సంతోషంగా ఇంటికొచ్చేసింది. వారం తర్వాత నేను తోడుపోతే ఫైల్ పెట్టిన చోటే ఉంది, రెండువేలు ఇచ్చినాకే కదిలింది. ఈ మామూలు అరబ్బీ నుంచి వచ్చిన మాట, ఎప్పుడూ జరిగేది, వాడుకలో ఉండేది అని అర్థం, చట్టం అమలు అంటామే ఆ అమలు కూడా ఆ ధాతువు నుంచి పుట్టిందే. 1988 అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో మార్చినాక లంచం ఇవ్వడం కూడా నేరమే, బలవంతం మీద ఇవ్వాల్సొస్తే 7 రోజుల్లోపల పోలీసులకో ఏసీబీకో చెప్పాలి. మేము చెప్పలేదు. అది మామూలే కదా అని మేమూ అనుకున్నాం, అదే లంచం అనే మాట ఆయన నోట్లోంచి వచ్చుంటే అమ్మ ఆరోజే అక్కడే అడిగేసి ఉండేది.

అందుకే అడుగుతున్నా, లంచం తీసుకున్న వార్తకి లంచం అనే హెడ్డింగ్ పెట్టండి. ముడుపు అనే మాటని కొండకి నడిచొచ్చే వాళ్లకి వదిలిపెట్టండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
తిరుపతి