మట్టి పరీక్షతో పాటు వేరునూ చూడాలి

సంపాదకుల వారికి,

అయ్యా,

మిరప కోతలు మొదలైన నాటి నుంచి మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చే దాకా ధరలు, టిక్కీల (మిరప బస్తాల) రాక, నల్ల తామర పురుగు, ఎండు తెగులు, మందుల ఖర్చు గురించిన వార్తలు మీ పత్రికలో దాదాపు ప్రతిరోజూ చదువుతున్నాను. అవన్నీ అవసరమైనవే. అయితే మిరప మొక్క వేరుకు నేలలో తోడుగా ఉండి, దానికి భాస్వరం అందించే ఒక మేలు శిలీంధ్రం గురించి మాత్రం ఇన్నేళ్లలో నాలుగు వాక్యాలు కలిపి చదివిన గుర్తు లేదు. ముప్పై ఏళ్లకు పైగా వృక్షశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి కనుక, ఆ శిలీంధ్రం గురించీ, అది మన దృష్టికి ఎందుకు రావడం లేదో మనిషి చూపు మీద జరిగిన పరిశోధనలు చెబుతున్న దాని గురించీ కలిపి రాయాలని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మొన్న ఏప్రిల్‌లో మా బంధువుల సరుకుతో పాటు ఏటుకూరు రోడ్డు వైపున్న ఒక కోల్డ్ స్టోరేజీకి వెళ్లాను. షెడ్డులో పట్టాల మీద పోసిన కాయల చుట్టూ ఆడవాళ్లు ముఖాలకు గుడ్డలు చుట్టుకుని కూర్చుని తాలు ఏరుతున్నారు. రంగు పోయి తెల్లబారిన కాయ మీద కన్ను పడీ పడకముందే వేళ్లు దాన్ని పక్కకు నెట్టేస్తున్నాయి. అదే కుప్పలో పైకి ఎర్రగానే ఉండి తొడిమ దగ్గర మాత్రం బూజు పట్టిన కాయను పట్టుకోవలసి వచ్చేసరికి ఆ చేతుల వేగం తగ్గిపోతోంది, కాయ కాయనూ తిప్పి చూస్తున్నారు. ఎందుకని అడిగితే ఒక పెద్దావిడ, "తెల్లది దానంతటదే కళ్లల్లో పడుద్ది మాస్టారూ, బూజుదాన్ని మనమే ఎతుక్కోవాల" అన్నది.

ఆవిడ ఒక్క మాటలో చెప్పినదాన్నే ఆన్ ట్రీస్‌మన్, గ్యారీ జెలాడ్ అనే శాస్త్రవేత్తలు 1980లో ప్రయోగాలతో ఒక సిద్ధాంతంగా నిలబెట్టారు. చుట్టూ ఉన్నవాటి నుంచి రంగు వంటి ఒక్క లక్షణంతో వేరుపడే వస్తువు, చుట్టూ ఎన్ని ఉన్నా, దాదాపు ఒకే వ్యవధిలో కనబడుతుంది. రెండు మూడు లక్షణాలు కలిస్తే తప్ప గుర్తుపట్టలేని వస్తువు కోసం మాత్రం ధ్యాస ఒక్కొక్కదాని మీదా నిలిచి ముందుకు సాగాలి. పైగా మన కంటిలో అతి స్పష్టంగా చూడగల భాగం చాలా చిన్నది. చెయ్యి బారుగా చాచి బొటనవేలి గోరు వంక చూస్తే ఆ గోరు ఎంత మేర ఆక్రమిస్తుందో, పూర్తి స్పష్టతతో కనిపించేది సుమారు అంత మేరే. కన్ను సెకనుకు మూడుసార్ల దాకా అటూ ఇటూ కదులుతూ ఆ చిన్న గుండ్రాన్ని అవసరమనుకున్న చోటికల్లా తిప్పుతూ ఉంటుంది. ఏది అవసరమన్నది ఆ క్షణాన మనం తలకెత్తుకున్న పనిని బట్టే చాలావరకు తేలుతుంది.

తలకెత్తుకున్న పనిలో లేనిది ఎదురుగా ఉన్నా కనబడకపోవచ్చు. 1999లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ చాబ్రిస్ చేసిన ప్రయోగం చాలామందికి తెలిసే ఉంటుంది: బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెట్టమంటే, ఆటగాళ్ల మధ్యకు గొరిల్లా వేషంలో నడిచి వచ్చిన మనిషిని సుమారు సగం మంది గమనించనే లేదు. నన్ను ఎక్కువగా కలవరపెట్టినది 2013లో ట్రాఫ్టన్ డ్రూ బృందం ప్రకటించిన మరొక ప్రయోగం. ఊపిరితిత్తుల సి.టి. స్కాన్లలో గడ్డలు వెతకమని 24 మంది రేడియాలజిస్టులను అడిగి, చివరి స్కానులో సగటు గడ్డకు 48 రెట్లున్న గొరిల్లా బొమ్మను పెడితే, 20 మంది దాన్ని చూడలేదు. వారి కంటి కదలికలను నమోదు చేసి పరిశీలించగా ఆ 20 మందిలో 12 మంది చూపు సరిగ్గా ఆ బొమ్మ మీదే పడి వెళ్లిందని తేలింది. వారికి కంటిచూపు లోపం లేదు, వృత్తిలో శ్రద్ధకు లోటు లేదు. గడ్డ కోసం సిద్ధపడిన మనసుకు గొరిల్లా లెక్కలోకి రాలేదు, అంతే.

మొక్కల విషయంలో ఈ ఇబ్బంది ఇంకొంచెం ఎక్కువ. జేమ్స్ వాండర్సీ, ఎలిజబెత్ షుస్లర్ అనే వృక్షశాస్త్ర బోధకులు 1999లోనే దీనికి 'మొక్కల పట్ల అంధత్వం' అని పేరు పెట్టారు. ఫొటోలో పులి ఉంటే పులిని చూస్తాము, దాని వెనకనున్న చెట్టు పేరు అడిగితే తడుముకుంటాము. మొక్కే ఆ పాటి అయినప్పుడు, దాని వేరు లోపల, వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండని దారాల రూపంలో బతికే ప్రాణి మన దృష్టికి రాకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఆ ప్రాణుల సహవాసాన్నే మైకోరైజా అంటారు. మన ప్రాంతంలో రైతులకు వ్యామ్ అన్న పేరుతో కొంత పరిచయం. నేల మీది మొక్క జాతుల్లో మూడింట రెండు వంతులకు పైగా ఈ రకం శిలీంధ్రాలతో పొత్తు పెట్టుకునే బతుకుతున్నాయి. స్కాట్లండ్‌లోని రైనీ వద్ద దొరికిన 40 కోట్ల ఏళ్ల నాటి శిలాజ మొక్కల కణజాలంలోనూ వీటి ఆనవాళ్లు స్పష్టంగా ఉన్నాయి. భాస్వరం నేలలో కదలని పోషకం. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నది లాగేసుకున్నాక, అవతల ఎంత ఉన్నా అందుకోలేదు. శిలీంధ్రపు దారాలు ఆ వట్టిపోయిన మేరను దాటి సెంటీమీటర్ల దూరం పోయి భాస్వరాన్ని, జింకును మోసుకొస్తాయి. బదులుగా మొక్క తాను ఎండలో వండుకున్న చక్కెరల్లో కొంత ఇస్తుంది. కొవ్వు ఆమ్లాలను కూడా మొక్కే ఇస్తుందని, వాటిని ఈ శిలీంధ్రం సొంతంగా తయారు చేసుకోలేదని 2017లో తేలింది. ఎక్కువ భాస్వరం తెచ్చిన దారానికి వేరు ఎక్కువ ఆహారం ఇస్తుందని, ఎక్కువ ఆహారమిచ్చిన వేరుకు శిలీంధ్రం ఎక్కువ భాస్వరం ఇస్తుందని టోబీ కియర్స్ బృందం 2011లో చూపించింది.

ఈ సహవాసానికి మైకోరైజా అన్న పేరు పెట్టిన జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ కథ ఇక్కడ చెప్పుకోదగినది. ట్రఫుల్ అనే, నేల లోపల పెరిగే ఖరీదైన పుట్టగొడుగును సాగు చేసే దారి వెతకమని ప్రష్యా ప్రభుత్వం ఆయనకు పని అప్పగించింది. ఆ సాగు సంగతి అటుంచి, అడవి చెట్ల పీల్చు వేళ్లన్నిటికీ శిలీంధ్రపు తొడుగు ఉండటం, ఆ చెట్లు ఏ జబ్బూ లేకుండా పెరుగుతూ ఉండటం ఆయన గమనించి 1885లో ఆ సంగతి ప్రకటించాడు. వెతకమన్నది ఒకటైతే, ఎదుటపడిన మరొకదాన్ని చూడగలిగినవాడు ఆయన. సాటి శాస్త్రజ్ఞులు చాలామంది అప్పట్లో నమ్మలేదు. శిలీంధ్రమంటే రోగకారకమనే వారి లెక్క.

ఇప్పటికీ మన పొలాల్లో లెక్క అదే. ప్రత్తిపాడు మండలంలో మిరప వేసే ఒక రైతు నాకు ఎరుక. ఆయన చేలోనుంచి పూత దశలోని మొక్కను పెళ్లగించి తెచ్చి, సన్న వేళ్లను కడిగి, పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఉడికించి, రంగు పోయాక వెనిగర్లో కలిపిన మామూలు పెన్ను సిరాలో మూడు నిమిషాలు మరగబెట్టాను. 1998 నుంచి పరిశోధకులు వాడుతున్న చవకైన పద్ధతి ఇది. కడిగి, పాత సూక్ష్మదర్శిని కింద పెట్టి ఆయనను చూడమన్నాను. తేటపడిన వేరు గోడల మధ్య ముదురు నీలం దారాలు, ఆ దారాల పక్కన ఒక్కో కణం నిండా కొమ్మలు రెమ్మలుగా చీలిన చిన్న చెట్టు ఆకారం. ఆయన చాలాసేపు కన్ను తియ్యలేదు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న, "దీనికేం మందు కొట్టాలి మాస్టారూ?" అని. భాస్వరమూ చక్కెరా చేతులు మారే చోటు ఆ చెట్టు ఆకారమేననీ, అది కొద్ది రోజులే ఉండి వాడిపోయి పక్క కణంలో మళ్లీ మొలుస్తుందనీ చెప్పాక ఆయన ఇంకోసారి చూశాడు.

ఆ ప్రశ్నకు ఆయనను తప్పుపట్టలేను. బూజు అంటే తెగులనీ, తెగులంటే మందనీ మనమే నేర్పాము. మేలు శిలీంధ్రం లేకపోతే పంట ఎలా ఉంటుందో చూడదలచిన పరిశోధకులు ప్రయోగపు మళ్లలో దాన్ని అణచడానికి ఎన్నో ఏళ్లు బెనోమిల్ అనే మందు వాడారు. బెనోమిల్ నేలలో విడిపోయి కార్బెండజిమ్‌గా మారుతుంది. మన దుకాణాల్లో ఆ పేరు తెలియని రైతు లేడు. ఎండు తెగులు వచ్చినప్పుడు మందు అవసరమే. కానీ రాకముందే అలవాటుగా మొదళ్లలో పోసే ప్రతిసారీ మనం ఏం పోగొట్టుకుంటున్నామో కూడా తెలిసి పొయ్యాలి.

డి.ఎ.పి. సంగతీ అంతే. ఆ ఎరువు సంచిలో భాస్వరం, పి2ఓ5 (ఫాస్ఫరస్ పెంటాక్సైడ్) లెక్కన, 46 శాతం. నేలలో అందుబాటు భాస్వరం ఎక్కువైన కొద్దీ మొక్క ఈ పొత్తును తగ్గించుకుంటుంది. నా దగ్గరకు వచ్చే రైతుల్లో కొందరు చూపించిన భూసార కార్డుల్లో భాస్వరం ఎదురుగా 'ఎక్కువ' అని అచ్చయి ఉంటుంది, అయినా దుక్కిలో వేసే సంచులు మాత్రం తగ్గవు. ఆ ఎరువుకు కావలసిన ముడి రాయిలో అత్యధిక భాగాన్ని దేశం బయటి నుంచి కొంటున్నాము. 2015లో మొదలైన భూసార కార్డులో పన్నెండు అంశాలు ఉంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, ఐదు సూక్ష్మపోషకాలు, ఉదజని సూచిక, లవణ పరిమాణం, సేంద్రియ కర్బనం. పన్నెండూ ముఖ్యమే. వేరులో శిలీంధ్రం ఉందా లేదా అన్న గడి మాత్రం వాటిలో లేదు, గడి లేని దాన్ని ఎవరూ వెతకరు. నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇదే.

అలాగని ఈ శిలీంధ్రాన్ని సర్వరోగ నివారిణిగా అమ్మడాన్ని నేను సమర్థించను. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవాలు ఈ పొత్తు పెట్టుకోవు; తోటకూర, పాలకూరలదీ దాదాపు అదే తీరు. నీరు నిలిచిన వరి మడిలో ఇది తగ్గుతుంది. మంచి నేలలో స్థానిక శిలీంధ్రాలు దండిగా ఉంటే పొడి చల్లినందువల్ల ఒరిగేది స్వల్పం. అడవి చెట్లు శిలీంధ్రపు దారాల ద్వారా పరస్పరం మాట్లాడుకుంటాయనీ, తల్లి చెట్టు పిల్లలను పోషిస్తుందనీ ప్రచారంలో ఉన్న మాటల్లో చాలావాటికి క్షేత్రస్థాయి ఆధారం చాలదని 2023లో జస్టిన్ కార్స్ట్, మరో ఇద్దరు పరిశోధకులు గట్టిగా హెచ్చరించారు. పత్రికలు ఇలాంటివి రాసేటప్పుడు ఆ జాగ్రత్త పాటించాలి.

ఒక అనుభవం చెప్పాలి. రెండేళ్ల క్రితం మైకోరైజా గుళికలని రాసి ఉన్న ఒక సంచిని మా బంధువు కొన్నాడు. ఎవరు తయారు చేశారన్నది ఇక్కడ అప్రస్తుతం. సంచి మీద వేరు బొమ్మ పెద్దదిగా ఉంది, బతికి ఉన్న బీజాల లెక్క ఎక్కడా లేదు, గడువు తేదీ చదవరాకుండా చెరిగిపోయి ఉంది. ఉడికించిన ఇసుకలో ఆ గుళికలు కలిపి కుండీలో మొక్కజొన్న పెట్టి, ఆరు వారాల తర్వాత వేళ్లను సిరాలో ఉడికించి చూశాను. ఇరవై వేరు ముక్కల్లో ఒక్క నీలి దారం కూడా కనిపించలేదు. ఒక్క కుండీని బట్టి ఎవరినీ నిందించలేను. అయితే జీవన ఎరువులను 2006లోనే ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు, తర్వాత మైకోరైజాకూ ప్రమాణాలు పెట్టారు. అటువంటప్పుడు, సంచిలో ఉన్నది ప్రాణమో సుద్దపొడో తెలుసుకునే దారి రైతుకు దగ్గరలో ఉండాలి కదా.

ఆ దారి ఖర్చుతో కూడినదేమీ కాదు. గుంటూరు, విజయవాడల్లో వృక్షశాస్త్రం బోధించే ప్రతి డిగ్రీ కళాశాలలోనూ సూక్ష్మదర్శినులు ఉన్నాయి, విద్యార్థులకు ప్రాజెక్టులు కావాలి. వెనిగర్, సిరా కిరాణా కొట్లోనూ పుస్తకాల షాపులోనూ దొరుకుతాయి. రైతు తెచ్చిన వేరును పిల్లల చేత ఉడికింపించి, ఆయనను పక్కన కూర్చోబెట్టి చూపించవచ్చు. గుంటూరు దగ్గరి లాం ఫారంలో ఉన్న వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఏ దశలో ఎన్ని ముక్కలు తీయాలో, ఎంత శాతం అంటుకుంటే మేలన్నదీ మన నల్లరేగడికి సరిపడేలా ఒక పేజీలో రాసిస్తే కళాశాలలకు దారి చూపినట్లవుతుంది.

అన్నిటికంటే ముందుగా చూడవలసింది నారు. నారుమడిలో పోసుకున్న మొక్క నేలలోని శిలీంధ్రాన్ని వెంటబెట్టుకుని చేలోకి వచ్చేది. ఇప్పుడు చాలామంది షేడ్‌నెట్ నర్సరీల్లో ట్రేలలో కొబ్బరి పొట్టు మీద పెంచిన నారు కొంటున్నారు. ఆ పొట్టులో సహజంగా ఈ శిలీంధ్రం ఉండదు. మంచి శిలీంధ్రపు పొడి నిజంగా పనికొచ్చే చోటు అదే, చిటికెడుతో సరిపోయే చోటూ అదే. నారు కొనేటప్పుడు రెండు మూడు మొక్కల వేళ్లు చూపించమని అడిగే రైతు ఉంటే నర్సరీలు తప్పక చూపిస్తాయి.

మీ వ్యవసాయ పేజీలో మిరప వేరు లోపలి నీలి చెట్టు ఫొటోను ఒక్కసారి పెద్దదిగా అచ్చు వెయ్యమని కోరుతున్నాను. మంచి స్లయిడు నా దగ్గర ఉంది, ఫొటో తీయించి పంపగలను. జూలైలో నారు పోసే నాటికి అది అచ్చయితే మేలు.

భవదీయుడు,
విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
బ్రాడీపేట, గుంటూరు