సహాయార్థ కచేరీ: టికెట్ల కన్నా ముందు ట్రస్టు ఖాతా

సంపాదకుల వారికి,

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు మన విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తింది. అలాంటి ఆపద మళ్లీ వస్తే పాటల కార్యక్రమం పెట్టి చందాలు పోగుచేద్దామనుకునే కాలేజీ బ్యాండ్లు, కళాసంస్థలు ముందుగా బీటిల్స్ బృందం గిటారిస్టు జార్జ్ హారిసన్‌కు ఎదురైన పన్ను చిక్కు తెలుసుకోవాలి.

బీటిల్స్ విడిపోయిన మరుసటి ఏడాది, బంగ్లాదేశ్ శరణార్థుల కోసం పండిట్ రవిశంకర్ అడగ్గానే హారిసన్ రంగంలోకి దిగారు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒకే రోజు రెండు ప్రదర్శనలు. బాబ్ డిలన్, ఎరిక్ క్లాప్టన్, రింగో స్టార్ వచ్చి పాడారు, వాయించారు. పండిట్‌జీ ఆశించింది 25 వేల డాలర్లు. టికెట్ల మీదే 2.43 లక్షల డాలర్లు వచ్చాయి. ఆ చెక్కు యునిసెఫ్‌కు త్వరగానే చేరింది.

పేచీ వచ్చిందల్లా ఆ కచేరీపై తీసిన రికార్డు, సినిమా డబ్బుతోనే. కచేరీకి ముందే యునిసెఫ్‌ను నిర్వాహకుల్లో చేర్చుకోలేదు, పన్ను మినహాయింపు కోరలేదు. దాంతో అమెరికా పన్ను శాఖ ఆ డబ్బుకు అడ్డుపడింది. శరణార్థులు ఇళ్లకు తిరిగెళ్లిపోయినా లక్షల డాలర్లు ఏళ్ల తరబడి కదల్లేదు. 1973లో హారిసన్ మెటీరియల్ వరల్డ్ చారిటబుల్ ఫౌండేషన్ పెట్టి, కొన్ని పాటల హక్కులు నేరుగా దానికే రాసిచ్చారు. మొదటే చేయాల్సిన పని అదే.

మన ఊళ్లోనూ అంతే. ట్రస్టు రిజిస్ట్రేషన్, పాన్, దాని పేరిట బ్యాంకు ఖాతా, ఆదాయపన్ను మినహాయింపు చేతిలో ఉన్నాకే టికెట్లు అచ్చువేయాలి. కార్యదర్శి సొంత యూపీఐకి డబ్బు పడితే అది ఆయన ఆదాయంగా కనిపిస్తుంది; తర్వాత ఎన్ని రసీదులు చూపినా తలనొప్పే.

టికెట్ ధర దగ్గరా జాగ్రత్త. సంగీత కార్యక్రమానికి మనిషికి 500 రూపాయల వరకు జీఎస్టీ లేదు, దాటితే 18 శాతం. అత్యాశకు పోయి పన్నుతో కలిపి 550 పెడితే చేతికి మిగిలేది 466. అంటే 500 టికెట్ కన్నా 34 తక్కువ! టికెట్ సొమ్ము విరాళం కాదు కాబట్టి చందాకు వేరే రసీదు ఇవ్వాలి. 2,000 దాటిన నగదు చందాకు దాతకు పన్ను రాయితీ రాదు, చెక్కు అడగండి.

తుమ్మలపల్లి కళాక్షేత్రమైనా, ఇందిరాగాంధీ స్టేడియమైనా 'సహాయార్థం' అన్న దరఖాస్తుకు ట్రస్టు పాన్, ఖాతా వివరాలు జతచేయమని అధికారులు అడగాలి. కార్యక్రమమైన నెలలోపు జమాఖర్చులు ప్రకటిస్తామన్న హామీ పత్రం కూడా తీసుకోవాలి.

– ఒక ఆడిటర్, సూర్యారావుపేట, విజయవాడ